తేదీ లేని నిరీక్షణ

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళ తెలుగు సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. చిన్న అట్టముక్క మీద ఒక వచనం, కింద సంఘం పేరు, రాబోయే సంవత్సరం. చేతికి వచ్చిన కార్డులో ఏముంటే ఆ ఏడాదంతటికీ దేవుడు తనతో అన్న మాట అదేనని చాలామంది నమ్ముతారు, బైబిల్లో భద్రంగా పెట్టుకుంటారు. ఆ కార్డుల మీద, క్యాలెండర్ల మీద, ఆటోల వెనక తరచుగా కనిపించే వచనాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి. తన ప్రజల విషయంలో దేవుడి తలంపులు మేలు కోసమేనని, వాళ్లకు ముందుకాలం ఉందని దాని భావం. కర్నూలు జిల్లాలో కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు వైపు పల్లెల్లో అలాంటి కార్డు అందుకున్న ఇళ్లలో కొన్నిటికి సంక్రాంతి దాటగానే తాళం పడుతుంది. ముసలివాళ్లను ఊళ్లో వదిలి, బడి మాన్పించిన పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు మిరపచేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. బుడ్డల చేను ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసి ఉంటుంది. లేదా ఉల్లిగడ్డ పీకిన కూలి కూడా రాదని పంటను చేలోనే వదిలేసి ఉంటారు. బోరు కోసం తెచ్చిన అప్పు మీద నూటికి మూడు రూపాయల వడ్డీ నెలనెలా పెరుగుతూ ఉంటుంది. ఇంకొన్ని ఇళ్లలో కారణం చేను కాదు. భర్త వదిలి వెళ్లాడు, కొడుకు తాగుడుకు పడ్డాడు, కూతురు కాన్పులో పోయింది. మేలు జరుగుతుందన్న మాటను నమ్ముకున్న మనిషి నెత్తిన ఇలాంటిది పడితే ఆ నమ్మకాన్ని ఏం చేసుకోవాలి?

జవాబు అదే అధ్యాయంలో, కార్డు మీద అచ్చు కాని వచనాల్లో ఉంది. యిర్మీయా 29 ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, పెద్దలను, చేతిపనివాళ్లను చెరపట్టుకుపోయాడు. ఇల్లూ పొలమూ గుడీ వెనక వదిలేసి పరాయి నేల మీద దిగిన ఆ జనానికి ఊళ్లో మిగిలిన ప్రవక్త రాసి పంపినది అది. పదకొండో వచనానికి సరిగ్గా ముందు, పదో వచనంలో ఒక అంకె ఉంది: 70 ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న నడివయసు మనిషి తిరుగు ప్రయాణాన్ని తన కళ్లతో చూడడు. ఇంకాస్త ముందు, ఐదో వచనం నుంచి ఏడో వచనం వరకు, ఆ జనం చేయాల్సిన పనుల వరస ఉంది. ఇళ్లు కట్టుకోవడం, తోటలు నాటుకుని వాటి కాపు తినడం, పిల్లలకు పెళ్లిళ్లు చేయడం, తమను పట్టుకొచ్చిన పట్నం బాగు కోసమే ప్రార్థించడం. దీనికి ముందరి అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్లలో పోయినదంతా తిరిగి వచ్చేస్తుందని అతను గుడిలో అందరి ఎదుట ప్రకటించాడు. యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు, అలా జరిగితే ఎంత బాగుండునని. ఆ తర్వాత, దేవుడు పంపకుండానే జనాన్ని అబద్ధం మీద ఆనుకునేలా చేశావని అతని మొహం మీదే చెప్పాడు. హనన్యా మాటలో దేవుడి పేరు ఉంది, ఓదార్పు ఉంది, దేశం మీద ప్రేమ కూడా ఉంది. నిజం ఒక్కటే లేదు. అతని రెండేళ్ల మాట నమ్మినవాడు బబులోనులో ఇల్లెందుకు కడతాడు, చెట్టెందుకు నాటుతాడు? మూట విప్పకుండా కూర్చుంటాడు.

ఈ అధ్యాయం చెప్పదలచింది ఇదే. బతుకు కూలినప్పుడు బైబిలు చేతికిచ్చే నిరీక్షణకు తేదీ ఉండదు, పని ఉంటుంది. దేవుడు నన్ను విడిచిపెట్టలేదన్న ఆధారం మీద నిలబడి, ఇవాళ నా ముందున్న పనిని చేతిలోకి తీసుకునే శక్తికే ఆ పేరు. తేదీ పెట్టిన ఆశ మనిషిని ఎలా ముంచుతుందో రాయలసీమ మెట్టరైతుకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసినవాడు ఇక్కడ నీళ్లున్నాయంటాడు. మొదటి బోరు దుమ్ము లేపుతుంది. ఇంకో రెండు వందల అడుగులు దిగితే తప్పకుండా పడుతుందంటారు. రెండోదానికి భార్య మెడలో బంగారం, మూడోదానికి వడ్డీ వ్యాపారి, నాలుగోదానికి చేనే తాకట్టు. అతన్ని ముంచింది ఆశ లేకపోవడం కాదు, ఒకే ఫలితానికి కట్టేసిన ఆశ ఎక్కువ కావడం. ఆధ్యాత్మిక జీవితంలోనూ ఇది ఇలాగే జరుగుతుంది. ఈ మూడు నెలల్లో నీ భర్త తిరిగి వస్తాడు, ఈ ఉపవాస కూటాలు పూర్తయ్యేసరికి అప్పు తీరుతుంది, ఈ నూనె రాస్తే క్యాన్సరు పోతుంది అని చెప్పే బోధకుడు తెలిసో తెలియకో హనన్యా వరసలో నిలబడుతున్నాడు. చెప్పిన తేదీ దాటిపోయాక విన్నవాడికి రెండే దారులు మిగులుతాయి: దేవుడు అబద్ధమాడాడని అనుకోవడం, లేదా నా విశ్వాసం చాలలేదని తనను తాను తిట్టుకోవడం. ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకుంటారు. ముందున్న దెబ్బకు తోడు ఇంకో దెబ్బ తమ చేత్తో తామే కొట్టుకుంటారు. కనుక కష్టంలో ఉన్నవారు మొదట చేయాల్సిన పని తమ ప్రార్థనలోంచి గడువును తీసేయడం. అడగడం మానమని కాదు. అడగండి, కన్నీళ్లతో అడగండి. ఫలానా రోజులోగా రాకపోతే దేవుడు లేడన్న షరతును మాత్రం తీసేయండి.

గడువు తీసేశాక మిగిలేది మౌనమేనా, అన్నీ నోరు మూసుకుని భరించడమేనా అని ఎవరైనా అడగవచ్చు. మన సంఘాల్లో ఏడుపును అవిశ్వాసంగా చూసే అలవాటు ఒకటి బలంగా ఉంది. సమాధి దగ్గర ఎక్కువ ఏడిస్తే పరలోకం మీద నమ్మకం లేదంటారు. ఎలా ఉన్నావని అడిగితే దేవుని కృప అని మాత్రమే చెప్పాలి. బైబిలు ఇలా లేదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే: ఎంతకాలం, ఎందుకు, నీ మొహం ఎందుకు దాచుకున్నావు అని దేవుణ్ని నిలదీసేవి. వాటిలో చాలావరకు చివరికి స్తుతిలోకి మలుపు తిరుగుతాయి. 88వ కీర్తన ఆ మలుపు కూడా తిరగదు, చీకట్లో మొదలై చీకట్లోనే ఆగుతుంది. అయినా దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసేయలేదు. విలాపవాక్యముల గ్రంథంలో మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ అక్షరమాల వరసలో కట్టినవి. యెరూషలేము కాలిపోయాక ఆ కవి తన ఏడుపుకు ఆ కట్టుబాటు పెట్టుకున్నాడు. దేవుడి వాత్సల్యం గురించి అందరికీ తెలిసిన ఆశ పలుకు మధ్యలోని మూడో అధ్యాయంలో వస్తుంది. పుస్తకం అక్కడ ముగిసిపోదు. మళ్లీ ఏడుపులోకి దిగి, ఐదో అధ్యాయం చివర జవాబు లేని ప్రశ్న దగ్గర ఆగుతుంది. సిలువ మీద యేసు నోట వచ్చినది కూడా 22వ కీర్తనలోని మొరే. దేవుడి కుమారుడే విడిచిపెట్టబడినవాడి ప్రశ్న అడిగాడని నమ్మే మతంలో, కోడుమూరులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ ప్రశ్న అడిగితే తప్పెలా అవుతుంది?

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దేవుడు నన్ను వదిలేశాడన్న భావన మనిషిని నిజంగానే దెబ్బతీస్తుందని చూపిన పరిశోధన ఉంది. కెన్నెత్ పార్గమెంట్, హెరాల్డ్ కోనిగ్, నళిని తారకేశ్వర్, జూన్ హాన్ అమెరికాలో ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్లు దాటిన సుమారు 600 మందిని రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రచురించారు. వయసు, జబ్బు తీవ్రత, మానసిక స్థితి వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, దేవుడు తమను విడిచిపెట్టాడా అని లోలోపల మథనపడినవారిలో, ఆయన ప్రేమను శంకించినవారిలో మరణించే ప్రమాదం మిగతావారికంటే ఎక్కువగా కనిపించింది. ఇది ఒకదాని వల్లే ఇంకోటి జరిగిందనడానికి రుజువు కాదు. కానీ విశ్వాసం ఉందా లేదా అన్నదొక్కటే చాలదని, అది ఎలాంటి విశ్వాసమో కూడా ముఖ్యమని ఆ పని గట్టిగా చెబుతుంది. మరి మొరల కీర్తనలూ అదే మాట అంటున్నాయి కదా, అవి హాని చేయవా? తేడా ఎక్కడుందో నాకు ఇలా తోస్తుంది. విడిచిపెట్టాడని తీర్పు రాసేసుకుని గోడ వైపు తిరిగి పడుకున్నవాడి మాట ఒకటి, నన్నెందుకు విడిచావని ఆయన మొహం చూస్తూనే అడిగేవాడి మాట ఇంకొకటి. రెండోవాడి ప్రశ్నలో సంబంధం తెగలేదు. అందుకే మీ కోపాన్ని మింగకండి, దాన్ని ప్రార్థనగా పలకండి. మాటలు రాని రోజు 13వ కీర్తననో 88వ కీర్తననో పైకి చదవండి. ఒక్కరే చదవలేకపోతే నమ్మకమైన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి.

మొర తర్వాత వచ్చేది బోధ కాదు, అన్నం. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా యెజెబెలు బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునని దేవుణ్ని అడుగుతాడు. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త ఆయన. దేవదూత వచ్చి ఆయన విశ్వాసాన్ని ప్రశ్నించలేదు, పాపం ఒప్పుకోమనలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. ప్రయాణం నీ శక్తికి మించినదని గుర్తించాడు. దేవుడి ప్రశ్న వచ్చింది ఆ తర్వాతే. దీన్ని చదివి కూడా, చావాలనిపిస్తోందని చెప్పినవాడికి అపవిత్రాత్మ పట్టిందని ముద్ర వేసే సంఘాలు ఉన్నాయి. పౌలు అంతటివాడే ఆసియాలో బతుకు మీద ఆశ వదులుకున్నానని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే ఒప్పుకున్నాడు. కనుక వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సయించకపోయినా, పురుగుమందు డబ్బా మీదికి చూపు పోతున్నా దాన్ని రహస్యంగా దాచకండి. అది వైద్యం అవసరమైన స్థితి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, ప్రభుత్వం అతనికి చికిత్స, సాయం అందించాలని చెబుతోంది. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే పురుగుమందును ఆ రోజే ఇంటి నుంచి తీసేయండి. మాత్ర వేసుకోవడం ప్రార్థనకు పోటీ కాదు. ఏలీయాకు ఆ రొట్టె కూడా దేవుడి చేతిలోంచే వచ్చింది.

ఇక అన్నిటికంటే ఎక్కువ గాయపరిచే ఆక్షేపణ: ఇది నీ పాపానికి శిక్ష. యోబు గ్రంథంలో ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పింది సారాంశంలో ఇదే. వాళ్లు మొదట చేసింది మాత్రం ఎంతో మంచి పని: ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతో నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. నోరు విప్పాకే చెడింది. చివరి అధ్యాయంలో దేవుడు కోపగించుకున్నది తనను ప్రశ్నించిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ స్నేహితుల మీద. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే యేసు ఆ లెక్కనే ఒప్పుకోలేదు. అలాగని మనం చేసిన తప్పుల వల్ల ఏదీ కూలదని చెప్పడం కూడా నిజాయితీ కాదు. తాగుడు ఇల్లు కూలుస్తుంది, స్థాయికి మించి చేసిన పెళ్లి అప్పు అయ్యి కూర్చుంటుంది, చెయ్యి చేసుకునే మగవాణ్ని ఒకనాడు భార్య వదిలి వెళుతుంది. అలాంటిచోట చేయాల్సింది నిర్దిష్టమైన మార్పు: తాగుడుకు చికిత్స, అప్పుకు లెక్క, కొట్టిన చెయ్యికి క్షమాపణ, దూరంగా ఉంటానంటే ఆమె మాటకు గౌరవం. పశ్చాత్తాపం అంటే ఇదే. చేసిన తప్పుకు పేరు పెట్టి దిద్దుకునే మనిషిని దేవుడు తోసేయడు, మూడుసార్లు బొంకిన పేతురే అందుకు సాక్షి. కానీ వాన కురవకపోవడానికి, బిడ్డ చనిపోవడానికి, మొగుడు కొట్టడానికి బాధితుల్లో పాపం వెతికేవాడు యోబు స్నేహితుల తప్పే మళ్లీ చేస్తున్నాడు.

ఇంత చెప్పినా ఇది బాధను మరిపించే మత్తేనని అనేవారుంటారు. మార్క్స్ 1844లో అచ్చయిన వ్యాసంలో మతాన్ని నల్లమందుతో పోల్చాడు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసేయకూడదు. తేదీలు పెట్టే ఆశ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. పని చేతికిచ్చే ఆశ విషయంలో మాత్రం ఈ నేల చరిత్ర ఇంకోలా సాక్ష్యం చెబుతుంది. 1876లో రెండు రుతుపవనాలూ ముఖం చాటేసి మద్రాసు రాజధానిని ముంచిన ధాత కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయిస్తే, అది మనిషిని నిలబెట్టే తిండి కాదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ పోట్లాడాడు. అప్పటికే కడప వైపు లండన్ మిషన్, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు పని చేస్తున్నారు. కరువు దాటాక ఆ సంఘాల్లోకి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల వాళ్లు, అంటే కరువుకు ముందే బతుకు కూలిపోయి ఉన్నవాళ్లు. వాళ్లకు పోయిన ఎకరాలు తిరిగి రాలేదు, ఎందుకంటే చాలామందికి ఎకరాలే లేవు. వచ్చింది బడి. అక్షరం నేర్చుకున్న పిల్లలు టీచర్లు, నర్సులు, గుమస్తాలు అయ్యారు. కర్నూలులో కోల్స్ స్కూలు, జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రి ఆ ప్రయత్నాల్లోంచే లేచాయి. చచ్చిన పశువు మాంసం తినము, జాతరలో ఊరి కోసం డప్పు కొట్టము అని చెప్పడం నేర్చుకున్నారు, అలా చెప్పినందుకు ఊరి పెద్దల చేతిలో దెబ్బలు తిన్నారు, బావి దగ్గరికి రానివ్వకపోతే తట్టుకున్నారు. మత్తులో ఉన్నవాళ్లు ఇలా ఎదురు నిలవరు.

దీనికి వెంటనే ఎదురయ్యే మాట, వాళ్లు గంజి కోసం వచ్చినవాళ్లు కదా అన్నది. దీన్ని పరీక్షించడానికి పక్కనే ఉన్న ఒంగోలు ఉదాహరణ పనికొస్తుంది. అప్పట్లో కంభం, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లాలోనివే, ఒంగోలు బాప్టిస్టుల పని అక్కడికీ పాకింది. ఆ మిషన్ పెద్ద జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కూలి కోసం విశ్వాసం నటిస్తారేమోనని ఆ కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని తేలాక కూడా జనం రావడం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వచ్చినవారిలో రేపటి సాయం మీద ఆశ ఎవరికీ లేదని చెప్పలేం. అన్నం పెట్టిన చేతిని మర్చిపోలేక వచ్చినవాళ్లూ ఉంటారు, అందులో సిగ్గుపడాల్సింది నాకేమీ కనిపించదు. ఆకలితో ఉన్నవాణ్ని మనిషిగా చూసిన దేవుణ్ని నమ్మడం, కడుపు నిండినవాడు తర్కంతో నమ్మడం కంటే తక్కువది ఎలా అవుతుంది? పైగా ఆ నమ్మకానికి వాళ్లు ఇప్పటికీ ఖరీదు కడుతున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సిలో ఉంచారు. కష్టంలో పుట్టిన విశ్వాసం లాభం కోసమే పుట్టిందనేవారు ఈ లెక్క కూడా చూడాలి.

ఇంతకూ నిరీక్షణ చేతికిచ్చే ఆ పని ఏమిటి, ఇవాళ, మీ ఇంట్లో? యిర్మీయా 32లో దీనికి గట్టి నమూనా ఉంది. బబులోను సైన్యం నగరాన్ని చుట్టుముట్టింది, ప్రవక్త చెరసాలలో ఉన్నాడు, అనాతోతులో చిన్నాన్న కొడుకు హనమేలు పొలం అప్పటికే శత్రువు కాలి కింద ఉన్నట్టే లెక్క. ఆ పొలాన్ని ఆయన 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులతో సంతకాలు పెట్టించాడు, వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రాలను తన లేఖకుడు బారూకు చేత మట్టికుండలో పెట్టించాడు, చాలాకాలం చెడకుండా ఉండాలని. నిరీక్షణ కాగితం మీదికి, సాక్షుల సంతకాల దాకా దిగింది. అప్పుల్లో ఉన్నవారికి ఆ పని ఒక నోటుపుస్తకం: ఎవరికి ఎంత, ఏ వడ్డీకి, ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఒక్కటీ దాచకుండా భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయడం. కౌలు రైతైతే 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోవడం, దానితో బ్యాంకు రుణం అడగడం. భర్త వదిలేసిన స్త్రీకి ఆ పని ఆధార్, రేషన్ కార్డు, పెళ్లి ఫొటోలు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు తన దగ్గర పెట్టుకోవడం, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి ఉచిత వకీలును అడగడం. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది. కొట్టే ఇంట్లో ఉన్న స్త్రీకి సహనమే సువార్త అని చెప్పేవారి మాట వినకండి, 181కి ఫోన్ చేయండి. చావు చూసిన ఇంట్లో పని ఇంకా చిన్నది: పొద్దున లేచి స్నానం చేయడం, పొయ్యి వెలిగించడం, మిగిలిన పిల్లల్ని బడికి పంపడం. అది చిన్నదని తక్కువ చేయకండి. బబులోనులో తోట నాటడం కూడా చూసేవాళ్లకు అంతే చిన్న పని.

చివరి ఆక్షేపణ అన్నిటికంటే కష్టమైనది. ఇవన్నీ చేసినా పోయినది తిరిగి రాకపోతే, ఈ దేవుడితో ప్రయోజనమేమిటి? దేవుడు దీన్ని ఎందుకు జరగనిచ్చాడో నేను వివరించబోవడం లేదు. సుడిగాలిలోంచి అంతసేపు మాట్లాడిన దేవుడు యోబుకే ఆ కారణం చెప్పలేదు. గ్రంథం చివర యోబుకు మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారు. పశువులు రెండింతలయ్యాయి గానీ, పిల్లల సంఖ్య మొదట ఉన్నంతే. పోయిన పదిమంది స్థానంలోకి వీళ్లు వచ్చారని కథ ఎక్కడా అనదు, అనకపోవడమే సత్యం. క్రైస్తవ నిరీక్షణకు పునాది పునరుత్థానం, అక్కడ కూడా గాయం చెరిగిపోలేదు. లేచిన యేసు తోమాకు చూపించినవి మేకుల గుర్తులే. అంటే ఈ విశ్వాసం ఇస్తానన్నది మునుపటి బతుకు కాదు, గాయాలతో సహా మళ్లీ బతకడం. మరణం ఆఖరి మాట కాదన్న నమ్మకం మీద నిలబడ్డవాడు ఈ ఏడాది ఆఖరి మాట కోసం కంగారుపడక్కర్లేదు. పంట పోయినా, దొడ్డి ఖాళీ అయినా దేవుడిలో సంతోషిస్తానన్న హబక్కూకు తన గ్రంథాన్ని ప్రశ్నలతోనే మొదలుపెట్టాడు. వణుకుతున్న కాళ్లతో ఆ మాట అన్నాడని కూడా అదే అధ్యాయంలో ఉంది. మెట్ట నేల రైతుకు ఆ ప్రవక్త కంటే దగ్గరివాడు బైబిల్లో ఇంకొకడు లేడని నాకనిపిస్తుంది.

ఇప్పుడు పక్కనున్నవారికి ఒక మాట, ఎందుకంటే ఒంటరిగా ఈ పని ఎవరూ చేయలేరు. సంఘంలో సాక్ష్యం చెప్పే సమయం వస్తే జబ్బు తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, కోర్టు కేసు గెలిచినవాళ్లు లేస్తారు. ఇంకా ఏదీ తీరని మనిషి వెనక వరసలో తల వంచుకుని కూర్చుంటాడు. తన కథకు ఇంకా ముగింపు రాలేదు గనుక తనకు చెప్పే అర్హత లేదనుకుంటాడు. కాపరి తలచుకుంటే దీన్ని ఒక్క ఆదివారంలో మార్చవచ్చు: ఇంకా తీరని కష్టం గురించి చెప్పుకోవాలనుకునేవారికి కూడా చోటివ్వండి, చెప్పాక ఎవరూ సలహా ఇవ్వకుండా ఒక మొర కీర్తన చదివి ప్రార్థించండి. ఆదరణ కూటం పూర్తయి బంధువులు వెళ్లిపోయాక, నలభై రోజులు దాటాక, ఫోన్లు ఆగిపోయాక మీరు వెళ్లండి. సుగ్గికి పోయిన కుటుంబం పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా మూడు నెలలు వంతుల వారీగా అన్నం పెట్టండి. బ్యాంకుకు, పెద్దాసుపత్రికి, లాయరు దగ్గరికి వెళ్లాల్సినవారితో బస్సెక్కి వెంట వెళ్లండి. అక్కడ వరసలో నిలబడడానికి, ఫారం నింపడానికి తోడుగా ఇంకో మనిషి ఉండాలి.